గట్టి స్ప్రింగు ఎందుకు? ఎంత గట్టిగా?

ట్రాక్ మీదికి తీసుకెళ్లే కారుకి స్ప్రింగులు గట్టిగా ఉండాలని అందరూ అంటారు. ఎందుకని అడిగితే మాత్రం తరచుగా వినిపించే జవాబు ఒకటే: "మలుపులో బరువు ఒక పక్కకి పోకుండా ఆపడానికి." ఈ జవాబు తప్పు. చిన్న తప్పేం కాదు. ఇది నమ్మి దొరికిన వాటిలో అన్నిటికన్నా గట్టి స్ప్రింగులు వేయించుకున్నవాళ్లు, లక్షలు పోశాక కూడా కారు పాత టైమింగే ఇస్తుంటే తల పట్టుకుంటారు. అందుకే కొనుగోలు సంగతి తర్వాత చూద్దాం, ముందు లెక్క వేద్దాం.

డ్రైవరుతో కలిపి వెయ్యి కిలోల కారు అనుకోండి. గరిమనాభి నేలకి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు. మంచి టైర్లున్నాయి కాబట్టి మలుపులో 1 జి దాకా, అంటే తన బరువంత, పక్కబలం తట్టుకుంటుంది. వెయ్యిని 0.45తో గుణించి 1.4తో భాగిస్తే 321 వస్తుంది. నిలబడి ఉన్నప్పుడు పక్కకి 500 కిలోల చొప్పున మోస్తున్న కారు, మలుపులో బయటి పక్క 821, లోపలి పక్క 179 మోస్తుందన్నమాట. ఈ లెక్కలో బరువు ఉంది, ఎత్తు ఉంది, వెడల్పు ఉంది, వేగం వల్ల పుట్టిన బలం ఉంది. స్ప్రింగు ఎక్కడా లేదు. ఇనుప కడ్డీలాంటి స్ప్రింగు పెట్టినా ఆ 321 కిలోలూ బయటి పక్కకి పోతాయి. కారు వాలినట్టు కనపడదు, అంతే తేడా.

మరి స్ప్రింగు చేసేదేమిటి?

రెండు పనులు. మొదటిది, ఆ 321 కిలోల్లో ముందు చక్రాల వంతు ఎంత, వెనక చక్రాల వంతు ఎంత అన్నది పంచుతుంది. ఎడమ, కుడి చక్రాలని కలిపే యాంటీ రోల్ బార్లతో కలిసి ముందూ వెనకల్లో ఏ వైపు స్ప్రింగులు గట్టిగా ఉంటే ఆ వైపు ఎక్కువ వాటా పడుతుంది. టైరుకి ఒక గుణం ఉంది: దాని మీద బరువు రెట్టింపైతే పట్టు కూడా రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. కాబట్టి ఎక్కువ వాటా మోసే జత ముందుగా జారుతుంది. ముందు భాగం గట్టిపడితే కారు స్టీరింగు తిప్పినా నేరుగా పోవడానికి చూస్తుంది. వెనక గట్టిపడితే తోక తిప్పుతుంది. కారు స్వభావం మార్చడానికి స్ప్రింగు పనికొచ్చేది ఇందుకే.

రెండోది టైరు ఒంపు. బాడీ బయటికి వాలితే దాంతోపాటు బయటి టైరు కూడా ఒరిగి, అంచు మీద నిలబడుతుంది. ట్రాక్ నుంచి వచ్చిన కారు ముందు టైరు చూడండి. బయటి భుజం ముద్దలు ముద్దలుగా కరిగి, లోపలి సగం దాదాపు కొత్తగా ఉంటే ఆ టైరు సగమే పనిచేసిందని అర్థం. గట్టి స్ప్రింగు ఈ ఒరుగుడు తగ్గిస్తుంది. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాలే చక్రాన్ని పట్టుకునే అమరిక, ఉన్న కార్లలో ఈ బాధ మరీ ఎక్కువ. బాడీ వాలేకొద్దీ టైరుని తిరిగి నిలబెట్టే గుణం ఆ అమరికలో తక్కువ.

గట్టిదనం వల్ల వచ్చే లాభాలున్నట్టే నష్టమూ ఉంది. స్ప్రింగు గట్టిపడేకొద్దీ నేల ఎగుడుదిగుళ్లకి లొంగే పని టైరు రబ్బరు మీద పడుతుంది. టైరు కూడా ఒక స్ప్రింగే, కానీ దాని ఊపుని ఆపడానికి దానికంటూ షాక్ అబ్జార్బర్ లేదు. అందుకే హద్దు దాటి గట్టిగా ఉన్న కారు గరుకు మలుపులో టపటపమని ఎగురుతూ బయటికి జరుగుతుంది. గాల్లో ఉన్న టైరుకి పట్టు సున్నా.

స్ప్రింగు మీద రాసిన అంకెని నమ్మొచ్చా?

ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోలు కావాలో చెప్పే ఆ అంకె, అంటే రేటు, నిజమే, కానీ అది స్ప్రింగు దగ్గర అంకె. మనకి కావలసింది చక్రం దగ్గర అంకె. ఇక్కడికి ఒక నిజమైన కారు తెచ్చుకుందాం: మాజ్దా ఎంఎక్స్-5. మనకి మాజ్దా అంటే స్వరాజ్ మాజ్దా స్కూలు బస్సే గుర్తొస్తుంది గానీ, 1989లో షికాగో ఆటో షోలో బయటపెట్టిన ఈ రెండు సీట్ల చిన్న కారు, మియాటా అని అక్కడివాళ్లు పిలిచే కారు, అమెరికాలో ట్రాక్ నేర్చుకునేవాళ్లకి బడి లాంటిది. డాలస్‌లోనో, బే ఏరియాలోనో ఉద్యోగం చేస్తూ శనాదివారాలు ట్రాక్‌కి పోయే మన కుర్రాళ్లకీ ఇది ఎదురవుతూనే ఉంటుంది. తేలిక కారు, ఇంజను ముందు, నడిపేది వెనక చక్రాలు, తొలి తరాల్లో నాలుగింటికీ డబుల్ విష్‌బోన్, అంటే చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి పట్టుకునే అమరిక.

డబుల్ విష్‌బోన్‌లో స్ప్రింగు చక్రం మీద నేరుగా కూర్చోదు, కింది చెయ్యి మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది. చక్రం 10 మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగు 7 మిల్లీమీటర్లే నొక్కుకుంటుందనుకోండి. ఆ 0.7ని మోషన్ రేషియో అంటారు. చక్రం దగ్గర రేటు కావాలంటే స్ప్రింగు రేటుని 0.7తో రెండుసార్లు గుణించాలి. ఒకసారి దూరం తగ్గినందుకు, ఇంకోసారి బలం తగ్గినందుకు. మిల్లీమీటరుకి 5 కిలోల స్ప్రింగు చక్రం దగ్గరికొచ్చేసరికి 2.45 కిలోలే అవుతుంది. అదే 5 కిలోల స్ప్రింగుని స్ట్రట్ ఉన్న కారుకి వేస్తే, అక్కడ మోషన్ రేషియో 0.95 దాకా ఉంటుంది గనక, చక్రం దగ్గర 4.5 కిలోలు నిలుస్తుంది. దాదాపు రెట్టింపు. "మా ఫ్రెండ్ తన కారుకి ఎనిమిది కేజీలు వేయించాడు, నేనూ అవే వేయిస్తా" అనేవాళ్లు ఆగాల్సింది ఇక్కడే. ఆ ఫ్రెండు కారు వేరే మోడలైతే ఆ ఎనిమిది మీ ఎనిమిది కాదు.

మియాటాల్లోనే ఒకే తీరు కార్లతో నడిచే స్పెక్ మియాటా అనే రేసు తరగతి ఉంది. అందరికీ ఒకే స్ప్రింగులు: ముందు అంగుళానికి 700 పౌండ్లు, వెనక 325. మన కొలతలో ముందు 12.5 కిలోలు, వెనక 5.8. చదివితే భయమేస్తుంది, కానీ 0.7 లెక్క వేస్తే ముందు చక్రం దగ్గర 6 కిలోల చిల్లరే. ముందుకీ వెనక్కీ ఇంత తేడా ఎందుకంటే, మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కేటప్పుడు ఇంజను బలాన్ని నేలకి దించాల్సింది వెనక చక్రాలే. అవి నేలకి అంటుకునేలా మెత్తగా ఉండాలి.

రోడ్డు కార్లలో ఇది తిరగేసి ఉంటుంది. 1930లలో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ అనే ఇంజనీరు చూపించిన సంగతి ఇది: గతుకు ముందు చక్రానికి తగిలాక కాసేపటికి గానీ వెనక చక్రానికి తగలదు. వెనక భాగం కాస్త వేగంగా ఊగితే ముందుదాన్ని అందుకుని రెండూ కలిసి సర్దుకుంటాయి, లోపల కూర్చున్నవాళ్లకి ముందుకీ వెనక్కీ తూగడం తగ్గుతుంది. ట్రాక్ మీద వెనక సీట్లో మనుషులుండరు.

ఎంత గట్టిగా అన్నది ఎలా తేల్చాలి?

ఇంజనీర్లు ఊపు లెక్కతో చూస్తారు: కారు మూలని ఒకసారి నొక్కి వదిలితే, షాక్ లేకపోతే సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుంది? ముందు చక్రం మీద 220 కిలోల బాడీ బరువుందనుకుంటే 5 కిలోల స్ప్రింగుతో 1.66 సార్లు, 10 కిలోలతో 2.35 సార్లు, పైన చెప్పిన 12.5తో 2.6 సార్లు. స్ప్రింగు రెట్టింపైనా ఊపు రెట్టింపు కాలేదు, గమనించండి. ఇంటి కారు ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఉంటుంది. రోడ్డు మీదా ట్రాక్ మీదా నడిపే స్పోర్ట్స్ కారుకి రెండు లోపు సరిపోతుంది. పట్టున్న టైర్లతో ట్రాక్‌కే పరిమితమైన కారుకి రెండు నుంచి రెండున్నర. రెక్కలు పెట్టి గాలితో కిందికి నొక్కించుకునే రేసు కార్లు మూడు, నాలుగు, అంతకు పైన కూడా పోతాయి. గాలి ఒత్తిడికి బాడీ ఎత్తు మారకూడదు కాబట్టి వాటికి అంత అవసరం. రెక్క లేని కారుకి వాటిని చూసి వాత పెట్టుకోనక్కర్లేదు.

కానీ నన్నడిగితే ఊపు కన్నా ముందు చూడాల్సింది కదలడానికి ఎంత చోటుందన్నది. మొదట వేసిన లెక్కలో బయటి పక్కకి పోయిన 321 కిలోల్లో సగం, 160 కిలోలు, బయటి ముందు చక్రం మీద పడ్డాయనుకోండి. చక్రం దగ్గర 2.45 కిలోల రేటుంటే ఆ మూల 65 మిల్లీమీటర్లు కుంగుతుంది. స్ప్రింగు రెట్టింపు చేస్తే 33. యాంటీ రోల్ బార్ కొంత మోస్తుంది, ఆ మేరకు తగ్గించుకోండి. ఇప్పుడు ఆ కారుని అందం కోసం 40 మిల్లీమీటర్లు దించారనుకోండి. ఇక కుంగడానికి మిగిలింది 40 మిల్లీమీటర్లే అయితే మెత్తని స్ప్రింగుతో ప్రతి మలుపులోనూ కారు బంప్ స్టాప్ మీదికి, అంటే షాక్ కడ్డీ మీద తొడిగిన ఆ రబ్బరు దిమ్మ మీదికి, వచ్చి కూర్చుంటుంది. కూర్చున్న క్షణంలో ఆ మూల గట్టిదనం ఒక్కసారి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ముందు కూర్చుంటే కారు తిరగనంటుంది. వెనక కూర్చుంటే చెప్పకుండా గిర్రున తిరుగుతుంది. డ్రైవరేమో టైర్లని తిడతాడు.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. షాక్ కడ్డీకి సన్నని ప్లాస్టిక్ జిప్ టై ఒకటి, జారేంత బిగువుగా కట్టి, దాన్ని షాక్ ఒంటిదాకా దించండి. నాలుగు ల్యాపులు కొట్టి వచ్చి చూస్తే అది కడ్డీ మీద ఎక్కడిదాకా పోయిందో అక్కడిదాకా సస్పెన్షన్ కుంగిందన్నమాట. దిమ్మలోకి దూరిపోయి ఉంటే స్ప్రింగు చాలలేదు, లేదా కారు మరీ కిందికి దిగింది. దిమ్మకి ఇంకా మూడు వేళ్ల దూరంలో ఉంటే అనవసరంగా గట్టి స్ప్రింగు మోస్తున్నారు. వంద రూపాయల జిప్ టైల పొట్లం చెప్పే నిజం చాలా కేటలాగులు చెప్పవు. ట్రాక్ అంచున ఉండే కెర్బు ఎక్కినప్పుడు అప్పుడప్పుడూ దిమ్మని ముట్టుకుంటే తప్పులేదు, దిమ్మ ఉన్నదే అందుకు. సాదా మలుపులో ముట్టుకోకూడదు.

స్ప్రింగు చుట్లు కోయించి కారు దించుకునే పద్ధతి మన షెడ్లలో ఇంకా ఉంది. చుట్లు తగ్గితే గట్టిదనం పెరుగుతుంది, నిజమే. కానీ ఎంత పెరిగిందో ఎవరూ కొలవరు, చివర సరిగా కూర్చోదు. స్ప్రింగు లెక్క సున్నితమైనది. తీగ మందం నాలుగో ఘాతంలో లెక్కకొస్తుంది. మిగతావన్నీ అలాగే ఉంచి 12 మిల్లీమీటర్ల తీగని 13 చేస్తే చాలు, గట్టిదనం 38 శాతం పెరుగుతుంది. కోత పని వద్దు. అలాగే నొక్కేకొద్దీ గట్టిపడే ప్రోగ్రెసివ్ స్ప్రింగులు రోడ్డుకి హాయి, ట్రాక్‌కి ఇబ్బంది. ఏ క్షణాన ఎంత గట్టిగా ఉందో తెలియనిదానికి షాక్ ఎలా కుదురుస్తారు?

ఇంతకీ షాక్ చేసే పనేంటి?

స్ప్రింగు బరువు మోస్తుంది. షాక్ బరువు మొయ్యదు. కదలికని నూనెలో వేడిగా మార్చి చల్లారుస్తుంది, అంతే. బాడీ ఊగకుండా ఒకే వాలులో నిలకడగా మలుపు తిరుగుతున్నంతసేపూ షాక్‌కి పని లేదు. స్టీరింగు తిప్పిన తొలి క్షణంలో, బ్రేకు వదిలేటప్పుడు, యాక్సిలరేటర్ తొక్కేటప్పుడు, కెర్బు ఎక్కినప్పుడు దానికి పని. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం రోగాలు మీరే కనిపెట్టగలరు. మలుపు నడిమధ్య కారు సరిగా లేదా? స్ప్రింగు, బార్, అలైన్‌మెంట్, టైరు గాలి చూడండి. లోపలికి దిగేటప్పుడో బయటికి వచ్చేటప్పుడో మాత్రమే తేడా చేస్తోందా? అప్పుడు షాక్ నాబ్ మీద చెయ్యి వెయ్యండి.

విప్పి చూస్తే లోపల గొట్టం, నూనె, కడ్డీ చివర పిస్టన్. పిస్టన్‌కి రంధ్రాలు, వాటి మీద కాగితమంత పలచని ఉక్కు బిళ్లలు, పెద్దదాని మీద చిన్నది చొప్పున పేర్చి ఉంటాయి. చేతిని నీళ్లలో మెల్లగా కదిపితే నీళ్లు పక్కకి తప్పుకుంటాయి, వేగంగా కొడితే గోడలా ఎదురొస్తాయి. నూనె కూడా అంతే. మెల్లని కదలికలో సన్నని దారి గుండా జారుకుంటుంది. కెర్బు లాంటి పెద్ద దెబ్బకి ఆ బిళ్లలు వంగి దారి ఇస్తాయి. మామూలు ఒక నాబ్ షాక్‌లో మనం తిప్పేది ఎక్కువగా ఆ సన్నని దారినే. అందుకే నాబ్ తిప్పితే స్టీరింగు చురుకుదనం మారుతుంది గానీ, కెర్బు మీద ఎగురుడు పెద్దగా తగ్గదు. అది బిళ్లల సంగతి, షాక్ విప్పి బిళ్లలు మార్చే పనివాడి సంగతి.

ఇప్పుడు అసలు ముడి. పైన చెప్పిన 5 కిలోల స్ప్రింగు, 220 కిలోల మూల తీసుకోండి. ఊపు ఒక్కసారి కూడా అవతలికి దాటకుండా ఆగిపోవాలంటే చక్రం దగ్గర సెకనుకి ఒక మీటరు వేగానికి దాదాపు 4,600 న్యూటన్ల ఎదురు బలం కావాలి. రోడ్డు కార్లలో హాయి కోసం ఇందులో 20 నుంచి 30 శాతం ఉంచుతారు. ట్రాక్ కారుకి 50 నుంచి 70 శాతం. స్ప్రింగుని 10 కిలోలు చేస్తే ఆ పూర్తి అంకె 6,500 అవుతుంది. షాక్ మాత్రం పాతదే ఉంచారు. నిన్నటిదాకా 30 శాతం ఆపిన షాక్ ఇప్పుడు 21 శాతమే ఆపుతుంది. పాత షాక్‌ల మీద దించే స్ప్రింగులు మాత్రమే వేయించుకున్న కారు గట్టిగా ఉంటూనే ఊగేది ఇందుకే. వీపుకి దెబ్బ తగులుతుంది, కారు కుదురుకోదు, రెండు నష్టాలూ కలిసి వస్తాయి. స్ప్రింగు మార్చితే షాక్ మార్చాల్సిందే, లేదా ఆ రేటుకి తగ్గట్టు బిళ్లలు మార్పించాల్సిందే.

మోనోట్యూబా, ట్విన్ ట్యూబా అన్న వాదన చాలా నడుస్తుంది. ట్విన్ ట్యూబ్‌లో గొట్టం లోపల గొట్టం. ఎడతెరపి లేకుండా పనిచేస్తే నూనెలో గాలి కలిసి నురగై, పట్టు సడలే ప్రమాదం ఉంది. మోనోట్యూబ్‌లో గొట్టం ఒకటే, నూనెని నైట్రోజన్ వాయువు ఒత్తిడిలో ఉంచుతుంది, వేడి నేరుగా బయటి గాలికి పోతుంది. ఫ్రెంచి ఇంజనీరు క్రిస్టియన్ డి కార్బన్ ఈ పద్ధతిని నిలబెట్టాడు. బిల్‌స్టైన్ 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లకి వీటిని ఇచ్చింది. ఇరవై నిమిషాల సెషన్లు వరసగా కొట్టేవాళ్లకి మోనోట్యూబే మేలు. అయినా చవకరకం మోనోట్యూబ్ కన్నా మంచి ట్విన్ ట్యూబ్ నయం.

నాబ్ ఎటు తిప్పాలి?

రీబౌండ్ అంటే స్ప్రింగు తిరిగి సాగేటప్పటి ఆపుదల, బంప్ అంటే నొక్కుకునేటప్పటిది. కొత్తవాళ్లు చేసే పని రీబౌండ్ చివరిదాకా బిగించడం. కారు అదుపులో ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ వరస గతుకుల మీద ఒక గతుకుకి నొక్కుకున్న చక్రం తిరిగి కిందికి దిగేలోపే ఇంకో గతుకు వస్తుంది. చక్రం దిగదు, కారు కొంచెం కొంచెంగా కుంగుతూ పోయి దిమ్మ మీద కూర్చుంటుంది. స్ప్రింగు చాలలేదనుకుని ఇంకా గట్టిది వేయిస్తారు. రోగం రీబౌండ్‌ది, మందు స్ప్రింగుకి. పూర్తి వదులు నుంచి మొదలుపెట్టి, రెండేసి క్లిక్కులు బిగిస్తూ, తేలుతున్నట్టుండే గుణం పోయిన చోట ఆగండి. ఒకసారికి ఒకటే మార్చండి. టైరు గాలి వేడి మీద కొలిచి పుస్తకంలో రాసుకోండి. గాలి రెండు పౌండ్లు మారితే క్లిక్కుల తేడా అందులో కొట్టుకుపోతుంది.

ఇంకొకటి: షాక్ మీద మరలు తిప్పి స్ప్రింగుని ముందే నొక్కి ఉంచితే అది గట్టిపడదు. తిన్నని రేటున్న స్ప్రింగు ఎంత నొక్కినా మిల్లీమీటరుకి అంతే బలం ఇస్తుంది. మారేది కారు ఎత్తే. కొన్ని షాక్‌లకి కింది భాగం విడిగా తిరుగుతుంది, కారు దించినా కడ్డీ కదిలే చోటు తగ్గదు. కొనేటప్పుడు ఇది అడగండి. స్ప్రింగు లోపలి వ్యాసం కూడా చూసుకోండి. 60 మిల్లీమీటర్లదీ రెండున్నర అంగుళాలదీ పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు.

ట్రాక్‌ని బట్టి కూడా మారుతుంది. ఫ్లోరిడాలోని సెబ్రింగ్ రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాశ్రయం మీద కట్టింది. 1952 నుంచి 12 గంటల రేసు నడుస్తున్నా, పాత కాంక్రీటు పలకల అతుకులు ఇప్పటికీ కార్లని కుదిపేస్తాయి. అక్కడ మెత్తని స్ప్రింగే గెలుస్తుంది. నున్నటి తారు ట్రాక్ లెక్క తెచ్చి అక్కడ వాడితే పళ్లు రాలతాయి. మన నెల్లూరు, తిరుపతి వాళ్లకి దగ్గర్లో ఉన్నది చెన్నై పక్క ఇరుంగట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల ట్రాక్. అక్కడికి కారు ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్తారా, హైవే మీద నడుపుకుంటూ వెళ్లి సాయంత్రం అదే కారులో కాలనీ స్పీడ్ బ్రేకర్లు దాటుకుంటూ ఇంటికి వస్తారా అన్నదాన్ని బట్టి స్ప్రింగు ఎంచుకోండి. నడుపుకుంటూ వచ్చేవాళ్లకి రెండు లోపు ఊపు చాలు.

డబ్బు సంగతి. రేసు స్ప్రింగుల జత షాక్‌లతో పోలిస్తే చవక. రేటు తప్పితే మార్చుకోవడం ఒక పూట పని, పాతవి అమ్ముకోవచ్చు. షాక్ తప్పితే మొత్తం పోయినట్టే. కాబట్టి ముందు టైరు నిర్ణయించుకుని, జిప్ టైతో చోటు కొలుచుకుని, స్ప్రింగు రేటు తేల్చుకుని, ఆ రేటుకి కుదిర్చిన షాక్ గ్రాఫు, అంటే ఏ వేగానికి ఎంత ఎదురు బలమో చెప్పేది, చూపించమని అమ్మేవాణ్ని అడగండి. 32 క్లిక్కుల నాబ్ ఉందని చెప్పి గ్రాఫు చూపించలేనివాడి దగ్గర కొనకండి.